ఎనిమిదో ముక్క

పోయిన వారం మాచర్ల నుంచి నరసరావుపేట వస్తున్న బస్సులో, నా ముందు సీట్లో కూర్చున్న ఒకామె ఫోనులో ఎవరితోనో అంటోంది: "మన టైపు మేడం పోయిందంటనే. మొన్న ఆదివారం. నాకూ ఇప్పుడే తెలిసింది."

నేను ముందుకు వంగి, "ఏ టైపు మేడం అమ్మా?" అని అడిగాను.

"పేటలో ఎరువుల కొట్టు పైన ఇన్‌స్టిట్యూట్ ఉండేదండీ, ఆ మేడం."

"ఆవిడ పేరేంటి?"

"పేరా... మేం మేడం అనేవాళ్లమండీ," అంది.

నాకూ అంతే తెలుసు. ఆవిడ దగ్గరికి నేను ముప్ఫై నాలుగుసార్లు వెళ్లాను. ఏ రోజు వెళ్లానో, ఎన్ని గంటలు ఉన్నానో నా డైరీలో ఉంది. పేరు మాత్రం లేదు. నేననుకుంటున్న మనిషేనా కాదా అని తేల్చుకోవడానికి, "కూర్చున్నప్పుడు వేళ్లు ఊరికే ఆడుతుండేవా?" అన్నాను. ఆమె ఒళ్లో ఉన్న బ్యాగు మీద పది వేళ్లూ పెట్టి టకటకా ఆడించి చూపించింది.

ఇక అనుమానం లేదు. ఆవిడే.

ఆవిడ మాట నోటికంటే ముందు వేళ్లకు వచ్చేది. ఎవరినైనా కూర్చోమనాలంటే ముందు బల్ల మీద ఆ మాట టైపయ్యేది, తర్వాత నోట్లోంచి వచ్చేది. దగ్గరుండి నేర్చుకున్న పిల్లలు ఆ వేళ్లను చదవగలిగేవారట. మేడంకు కోపం వస్తోందని ముందే తెలుసుకుని సర్దుకునేవారట. నాకు టైపు రాదు. ఆ వేళ్లు ఎప్పుడు ఆగుతాయా అని మాత్రం చూసేవాణ్ణి. అవి ఆగాయంటే ఏదో చెడిందన్నమాట.

నేను వెళ్లేనాటికి అక్కడ టైపు మిషన్లు లేవు. నేర్చుకునేవాళ్లు కూడా పలచబడ్డారు. పైకి వెళ్లే మెట్ల మీద యూరియా వాసన, పైన గదిలో ఎవరూ కూర్చోని ఎనిమిది కుర్చీలు. ఆవిడకు మిగిలిన పని వేరు. పాత కంప్యూటర్లో ఇరుక్కుపోయినదాన్ని కొత్త కంప్యూటర్లోకి తెచ్చిపెట్టడం. జాతకాలు రాసుకున్న పంతులుగారు వచ్చేవారు, ఏ ఊళ్లో ఎన్ని అడుగులకు నీళ్లు పడ్డాయో ఎక్కించుకున్న బోరుబండి యజమాని వచ్చేవాడు. వాళ్ల కంప్యూటర్లకు పెన్‌డ్రైవు పెట్టే చోటుండదు, ఫ్లాపీ ఎప్పుడో పాడై ఉంటుంది. వెనకవైపున సీరియల్ పోర్టు అని పిన్నులతో ఒక మూతి మాత్రం మిగిలి ఉంటుంది. ఆవిడ ఆ మూతికి ఒక తీగ తగిలించి, రెండో కొసను తన పాత ల్యాప్‌టాప్‌కు పెట్టి, లోపలున్నదాన్ని ఒక్కో అక్షరం చొప్పున ఇవతలికి నడిపించేది.

ఆ తీగలన్నీ ఆవిడే అతికి చేసుకున్నవి. గోడకు మేకులు కొట్టి వేలాడదీసేది. ఒక్కోదానికి ఆసుపత్రి ప్లాస్టరు ముక్క చుట్టి, దాని మీద బాల్‌పెన్నుతో "తిన్నది" అనో "అడ్డది" అనో రాసేది. తేడా ఏమిటని ఒకసారి అడిగాను.

"ఇద్దరు మనుషులు మాట్లాడుకోవాలంటే ఒకడి నోరు ఇంకొకడి చెవికి చేరాలిగా? రెండు కంప్యూటర్లకీ నోరు ఒకే పక్క పెట్టారు. తిన్నగా కలిపితే నోటికి నోరు తగులుద్ది. ఇక పోట్లాటే. అందుకని తీగలో అడ్డం తిప్పాలి."

"మా ఊరోళ్లందరికీ తిన్న తీగే ఏసినట్టున్నారు మేడం," అన్నాను. నవ్వింది. ఆవిడ నవ్వడం నేను నాలుగుసార్లే చూశాను, అందులో అదొకటి.

పని మొదలుపెట్టే ముందు పదిహేడో ఎక్కాన్ని ఇటునుంచి అటు పంపి చూసేది. దారిలో ఒక్క అంకె చెడినా కంటికి తగులుతుందని. స్టీలు గ్లాసు ఒకటి బోర్లించి కంప్యూటరు పెట్టె మీద ఆనించి, దాని అడుగున చెవి పెట్టి లోపలి డిస్కు తిరిగే చప్పుడు వినేది. నడుస్తున్నంతసేపూ కూర్చునేది కాదు. తెర మీద "పూర్తయింది" అని వచ్చినా నమ్మేది కాదు. "వచ్చింది వేరు, చేరింది వేరు," అనేది. తెరిచి, పైనుంచి కిందిదాకా తన కళ్లతో చూసిన తర్వాతే పాత కంప్యూటరు ఆపనిచ్చేది. అప్పటిదాకా దాని స్విచ్చు మీద సబ్బుపెట్టె మూత బోర్లించి టేపు వేసి ఉంచేది.

ఆ మూతను తీసినవాణ్ణి నేనొక్కణ్ణే.

నేను పొలాలు కొలుస్తాను. సర్వే చదువు చదవలేదు, పదో తరగతి దాటలేదు. వంకర పొలాన్ని త్రికోణాలుగా విడగొట్టి విస్తీర్ణం తేల్చడం నాకు నేనే నేర్చుకున్నాను. అన్నదమ్ములు పంచుకునేటప్పుడు పిలుస్తారు. కొలత గొలుసు పట్టుకుని వెళ్లి పొలాన్ని చెక్కలుగా విడగొట్టి, రాళ్లు పాతించి, కొలతలు రాసి ఇస్తాను. ఇరవై ఏడేళ్ల వయసులో ఒక సెకండ్‌హ్యాండ్ కంప్యూటరు కొన్నాను. పదకొండేళ్లపాటు చేసిన పంపకాలన్నీ దానిలో ఎక్కించాను. ఏడాదికో ఫైలు, మొత్తం వెయ్యిన్ని మూడు వందల పద్దెనిమిది చెక్కలు. తర్వాత కొత్తది కొన్నాను గాని పాతది తీసెయ్యలేదు. గుడ్డ కప్పి మూలన పెట్టాను.

ఇప్పటికి మూడేళ్ల కిందట నకరికల్లు పక్క నుంచి కోటేశ్వరమ్మ వచ్చింది. ఆమె మామ తన ఆరెకరాల నలభై సెంట్లను నలుగురు కొడుకులకు పంచినప్పుడు కొలిచింది నేనే. ఆమె భర్త మూడోవాడు, చనిపోయి ఆరేళ్లు.

"అన్నా, మా పెద్దబావ బావి ఉన్న చెక్క తనదంటన్నాడు. నాది వాగు పక్కదంట. ఏటా వానకాలం ఆ చెక్కలో రెండు మూడు సెంట్లు వాగులో కలుస్తయ్. నా కాయితం ఇల్లు కురిసి నాని ముద్దయిపోయింది. బేస్తవారం రీసర్వేవాళ్లొస్తన్నారు. ఆళ్లు ఎవరి పేరున రాసుకుంటే ఇక అదే."

"మీ బావ కాయితమో?"

"నా దగ్గర లేదంటన్నాడు. చిన్నబావా, మరిదీ ఇద్దరూ మాకు గుర్తు లేదంటన్నారు. అందరికీ పెద్దాయనంటే బయం. నీ కంపూటర్లో ఉంటదిగా అన్నా? నువ్వు మాకు చెప్పావుగా, నా దాంట్లో యాడికీ పోదని."

చెప్పాను. అందరికీ అలాగే చెప్పేవాణ్ణి.

ఆ రోజు సోమవారం. గుడ్డ తీసి స్విచ్చు వేస్తే కంప్యూటరు తెరుచుకుంది గాని, లోపల డిస్కు సన్నగా ఈల వేస్తోంది. ఫ్లాపీ పనిచేయడం మానేసి చాలాకాలమైంది. మర్నాడు పొద్దున్నే ఆటోలో పరుపు వేసి, దాని మీద కంప్యూటరు పెట్టి, ఒక పక్క నేను, ఒక పక్క కోటేశ్వరమ్మ పట్టుకుని, ఇన్‌స్టిట్యూటుకు తీసుకెళ్లాం.

మేడం కంప్యూటరును వెనక్కి తిప్పి చూసింది. వేళ్లు ఆగాయి.

"ఎన్ని దసరాలయ్యా ఇవి?"

నాకు అర్థం కాలేదు. వంగి చూస్తే, సీరియల్ పోర్టు నిండా పసుపు, దాని మీద కుంకుమ, పొరలు పొరలుగా గట్టిపడి ఉంది. ప్రతి ఆయుధపూజకీ గొలుసుకు, టేపుకు, కంప్యూటరుకు బొట్లు పెడతాను. ముందువైపు పెడితే తెర పాడవుతుందని వెనకాల ఇనుము కనపడిన చోట పెట్టేవాణ్ణి. ఇనుము కనపడేది ఆ మూతి దగ్గరే.

"ఇరవై ఏడు," అన్నాను.

"ఇరవై ఏడేళ్లు నీళ్లతో కలిపి పూశావు. పిన్నులు పచ్చబడిపోయినయ్. దేవుడు చల్లగా చూశాడు గాని తీగ చూడదయ్యా గొలుసూ."

ఆవిడ నన్ను గొలుసు అనే పిలిచేది. సూదితో, స్పిరిటుతో, రబ్బరుతో గంటసేపు గీకింది. పదిహేడో ఎక్కం పంపితే మూడుచోట్ల చెడింది. మళ్లీ గీకింది. ఈసారి ఒకచోట చెడింది. వేగం తగ్గించింది. అప్పుడు నన్నొక మాట అడిగింది.

"నీ ఫైళ్లలో తెలుగుందా, అంకెలేనా?"

"అంకెలే మేడం," అన్నాను.

"అంకెలైతే పర్లేదు. ఒక్కో అక్షరం ఎనిమిది ముక్కలుగా పోద్ది. అంకెలకీ ఇంగ్లీషుకీ ఏడు చాలు. ఎనిమిదో ముక్కని కాపలా పెడతా. దారిలో ఏదన్నా చెడితే అది పట్టుకుని మళ్లీ అడుగుద్ది."

బెంచీ మీద కూర్చున్న కోటేశ్వరమ్మ తీగ వంక అనుమానంగా చూసింది. "ఇంత సన్న తీగలోనించి మా పొలమంతా పోతదా అమ్మా?"

"పోద్ది. నిమిషానికి ఎన్ని అక్షరాలో మీ అన్న లెక్కగడతాడులే."

లెక్కగట్టాను. నిమిషానికి ఏడువేల రెండు వందలు. మొత్తానికి నూట పది నిమిషాలు. ఆవిడ కరెంటు ఆఫీసుకు ఫోను చేసి, "ఏం నాయనా, రెండు గంటలు స్టేషన్ రోడ్డులో కరెంటు తియ్యకుండా ఉండగలరా?" అని అడిగి, తర్వాత నడిపించడం మొదలుపెట్టింది. తెర మీద ఒక గీత పాకుతూ ఉంటే నేను గడియారం, గీత, గడియారం, గీత చూస్తూ కూర్చున్నాను. ప్రతి పది నిమిషాలకూ ఆవిడ గ్లాసు ఆనించి వినేది. ఈల పెరుగుతోంది. ఆ సంగతి ఆవిడ చెప్పలేదు. గ్లాసు లేకుండానే నాకు వినపడుతోంది.

నూట పన్నెండో నిమిషానికి పూర్తయింది. పొద్దుటినుంచి ఆవిడ ఏమీ తినలేదు. "పక్కగదిలో రెండు ముద్దలు తినొస్తా. నేనొచ్చి చూసిందాకా దేన్నీ ముట్టుకోవద్దు," అని వెళ్లింది.

నేను ల్యాప్‌టాప్‌లో ఫైళ్లు తెరిచాను. ఏడాదికి ఎన్ని ఎకరాలు కొలిచానో నా డైరీలో ఉంటుంది. పదకొండు ఫైళ్ల మొత్తాలూ తీసి డైరీతో సరిచూశాను. పదకొండూ సరిపోయాయి. సెంటు తేడా లేదు. ప్రాణం లేచొచ్చింది. ఇటు చూస్తే పాత కంప్యూటరు ఈల పెద్దదవుతోంది, పెట్టె మీద చెయ్యి పెడితే కాలుతోంది. అంతా వచ్చేసింది కదా, ఇంకా దీన్నెందుకు మండించడం, కాసేపు చల్లబడనిస్తే మంచిది కదా అనుకున్నాను. టేపు ఊడదీసి, సబ్బుపెట్టె మూత తీసి, స్విచ్చు ఆపాను. గది నిశ్శబ్దమైంది. మంచి పని చేశాననే అనుకున్నాను.

మేడం చెయ్యి తుడుచుకుంటూ వచ్చి ల్యాప్‌టాప్ ముందు నిలబడింది. పేజీలు కిందికి జరుపుతూ చూసింది. వేళ్లు ఆగాయి.

"ఇయ్యేంది?"

ప్రతి కొలత పక్కనా ఇంగ్లీషు అక్షరాలు, కొక్కేలు, కామాలు, ప్రశ్నార్థకాలు కలిసి ముద్దముద్దగా ఉన్నాయి. నేను మొత్తాలు చూశాను గాని ఆ వైపే చూడలేదు.

"అవి... పేర్లు మేడం. ఏ చెక్క ఎవరిదనేది."

"ఏ భాషలో ఎక్కించావు?"

"తెలుగులోనే. అప్పట్లో తెలుగు అక్షరాలొచ్చే కార్డు కంప్యూటర్లో వేయించా."

"నేనడిగానా లేదా?"

"అడిగారు. అంకెలే కదా అనుకున్నా."

ఆవిడ తిట్టి ఉంటే తేలికగా ఉండేది. "పేర్లు నీ కంటికి ఆనలేదన్నమాట," అంది, అంతే. "తెలుగుకి ఎనిమిది ముక్కలూ కావాలి. ఎనిమిదోదాన్ని నేను కాపలా పెట్టా. పేర్లన్నీ తలకాయలు లేకుండా వచ్చినయ్. సరే, ఇప్పుడేమైంది, మళ్లీ పంపుదాం."

అని తిరిగి, నా చేతిలోని సబ్బుపెట్టె మూత చూసింది.

కోటేశ్వరమ్మకు ఏం జరిగిందో అర్థం కాలేదు, మా మొహాలు అర్థమయ్యాయి. లేచి వచ్చి, "ఏందన్నా? మాది రాలేదా?" అంది.

పదకొండు ఫైళ్లనూ ఒకే జాబితాగా పేర్చి, బావిని, వాగును బట్టి ఆమె మామ గారి పొలం పోల్చి చూపించాను. నాలుగు చెక్కలు. రోడ్డు నుంచి మొదటిది ఎకరం అరవై నాలుగు సెంట్లు. రెండోది ఎకరం అరవై నాలుగు. మూడోది బావి చెక్క, బావి ఉంది కాబట్టి కొంచెం తక్కువగా ఎకరం నలభై ఎనిమిది. నాలుగోది, వాగు పక్కది, ఎకరం అరవై నాలుగు. కలిపితే ఆరెకరాల నలభై. అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఏది ఎవరిదో లేదు.

"మా పొలం ఎంతుందో నాకు తెలవదా అన్నా? ఊరందరికీ తెలుసు. ఎవరిదనేగా గొడవ," అంది కోటేశ్వరమ్మ. ఆమె గొంతు పెంచలేదు. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

స్విచ్చు వేశాం. ఫ్యాను తిరిగింది. డిస్కు తిరగలేదు. ఆపి వేశాం, తిరగలేదు. మూడోసారి కూడా తిరగలేదు. అది వేడిగా ఉన్నంతసేపే నడుస్తుందని, చల్లబడితే లోపల బిగుసుకుంటుందని మేడం చెప్పింది. నేను చల్లబడనిచ్చింది అందుకే పనికొచ్చింది.

ఆవిడ స్క్రూలు విప్పి, తీగలు ఊడకుండా డిస్కును మెల్లగా బయటికి తీసి, రెండు అరచేతుల మధ్య పెట్టుకుంది. చాలాసేపు అలాగే ఉంచింది. తర్వాత స్విచ్చు వెయ్యమని నాకు సైగ చేసి, బిగుసుకున్న సీసా మూత తిప్పినట్టు మణికట్టుతో ఒక్క విసురు ఇచ్చింది. తిరగలేదు. మళ్లీ. మళ్లీ. నాలుగోసారి డిస్కు మూలిగి, అందుకుంది. ఆ ఈల వినపడగానే నాకు కళ్లనీళ్లొచ్చాయి. జీవితంలో అంత చెడ్డ చప్పుడు అంత తీపిగా వినలేదు.

కిందపెట్టబోతే ఈల మారింది. ఆవిడ మళ్లీ పైకెత్తింది. "ఇది ఈ వాలులోనే తిరుగుతది. నేను పట్టుకుంటా. కీబోర్డు నువ్వు కొట్టు. అన్నీ పంపేదాకా ఇది బతకదు. ముందు ఆమె ఫైలు ఒక్కటి. ఏ ఏడు?"

ఏ ఏడు. నాకు గుర్తు లేదు. అంకెల మనిషినని చెప్పుకునేవాణ్ణి. పదమూడు వందల చెక్కల్లో ఏ ఏడు ఏది కొలిచానో ఎలా గుర్తుంటుంది? వచ్చిన ఫైళ్లలో వెతికి చూస్తే తెలుస్తుంది కదా అని ఇప్పుడు మీకు తోచవచ్చు. ఐదు నిమిషాల ముందు నేనే ఆ పొలం తెరిచి చూపించాను. కాని అవన్నీ కలిపి ఒక్కటిగా పేర్చిన జాబితాలోంచి చూపించాను. అందులో ఏడాది ఉండదు. ఫైలు ఫైలుగా తెరవడానికి ల్యాప్‌టాప్ కావాలి. ల్యాప్‌టాప్ అప్పటికే ఎనిమిది ముక్కలకు సిద్ధమై తీగ మీద చెవి పెట్టుకుని ఉంది. దాన్ని కదిలించే ధైర్యం ఆ గదిలో ఎవరికీ లేదు.

"పంపకం ఎప్పుడయ్యిందమ్మా?" అని అడిగాను.

"మా పెద్దాడు కడుపులో ఉన్నాడు. ఏడో నెల."

"వాడు పుట్టిందెప్పుడు?"

"ఆధార్లో తొంభై ఎనిమిదని ఉంది. అది బళ్లో అయ్యోరు ఏసిన తేదీ. వయసు చాలలేదని ఓ ఏడు కలిపాడో రెండేళ్లు కలిపాడో."

"తొందరగా," అంది మేడం. ఆవిడ చేతుల్లో డిస్కు వణుకుతోంది.

"ఇంకేదన్నా గుర్తు చేసుకో కోటేశ్వరమ్మా. ఎండా, వానా? పండగా?"

ఆమె కళ్లు మూసుకుంది. "మా మామ ఆ నెలంతా వద్దన్నాడు. అధిక జ్యేష్ఠం, పంపకాలు చెయ్యగూడదన్నాడు. అది పోయి నిజ జ్యేష్ఠం రాగానే నిన్ను పిలిపించాడు. మిట్ట మధ్యాన్నం గొలుసు కాలితే నువ్వు తడిగుడ్డ చుట్టి పట్టుకున్నావు."

అధిక మాసం పందొమ్మిదేళ్లకు తిరిగి అదే నెలకు వస్తుంది. మొన్న రెండువేల పద్దెనిమిదిలో అధిక జ్యేష్ఠం వచ్చింది. పందొమ్మిది తీసేస్తే తొంభై తొమ్మిది. ఇంత లెక్కకూ నాకు పట్టింది రెండు గుటకలు మింగేంతసేపు. "తొంభై తొమ్మిది మేడం," అన్నాను.

"ఖాయమా?"

"ఖాయం."

"అయితే కొట్టు."

పన్నెండు నిమిషాలు. కాపలా ముక్క లేదు. దారిలో ఏం చెడుతుందో తెలియదు. ఎక్కం పంపి పరీక్షించే తీరికా లేదు. మేడం కదలకుండా నిలబడింది. అప్పటికి ఆవిడ వయసు అరవై ఐదు దాటి ఉంటుంది. చేతులు ముందుకు చాచి, ఒకే ఎత్తులో, ఒకే వాలులో, నిండు గిన్నె మోస్తున్నట్టు నిలబడింది. ఆవిడ వేళ్లు ఆగిపోయి ఉన్నా ఏదీ చెడకుండా ఉన్నది అప్పుడొక్కసారే. ముక్కు మీద కళ్లద్దాలు జారుతుంటే కోటేశ్వరమ్మ వెళ్లి చూపుడువేలితో పైకి తోసింది. తర్వాత కొంగుతో ఆవిడ నుదురు తుడిచింది.

ఫైలు వచ్చింది. తెరవబోతే మేడం ఆపింది. "చూడ్డం తర్వాత. ఇది బతికుండగానే ఇంకోటి పంపు."

రెండువేల ఫైలు పంపాను, వచ్చింది. తొంభై ఏడు మొదలుపెట్టాను. తెర మీద గీత సగానికి రాకముందే మేడం "పోయింది" అంది. గీత ఇంకా కదులుతూనే ఉంది. రెండు క్షణాల తర్వాత ఆగింది. ఆవిడకు అరచేతిలోనే తెలిసింది. మళ్లీ విసిరింది, వెచ్చబెట్టింది, ఇరవైసార్లు చేసింది. మళ్లీ తిరగలేదు.

అప్పుడు తొంభై తొమ్మిది తెరిచాం. పాత తెలుగును ఇప్పటి తెలుగులోకి మార్చే చిన్న ప్రోగ్రామొకటి ఆవిడ ఎప్పుడో రాసి పెట్టుకుంది. దానిలోంచి తీస్తే పేర్లు ఒక్కొక్కటే లేచి కూర్చున్నాయి. మొదటి చెక్క పెద్దవాడు వీరయ్య, రెండోది సుబ్బారావు, మూడోది, బావి చెక్క, కోటేశ్వరమ్మ భర్త నాగేశ్వరరావు. నాలుగోది కోటయ్య. కింద నా రాత: కాయితాలు రెండు, ఒకటి వీరయ్యకు, ఒకటి నాగేశ్వరరావుకు.

కోటేశ్వరమ్మ చదువుకోలేదు. "ఏది ఆయన పేరు?" అని అడిగింది. చూపించాను. తెరను ముట్టుకోబోయి, ముట్టుకోవచ్చా అన్నట్టు మేడం వంక చూసింది.

"ముట్టుకో తల్లీ. ఇది కొత్తదేలే," అంది మేడం.

గురువారం పొలంలో సర్వేయరుకు ఆ ప్రింటు ఇచ్చాను. వీరయ్య దాన్ని చూసి నవ్వాడు. "ఇదేంది? నిన్న పేటలో కొట్టుకొచ్చిన కాయితం. ఇట్టాంటివి నేను పది కొట్టిస్తా." నేను కొలతలు చదివాను, రాళ్ల దగ్గర కొలిచి చూపించాను, అన్నీ సరిపోయాయి. "కొలతలు సరే, పేరు సంగతి చెప్పు," అన్నాడు. సర్వేయరు ప్రింటు కిందున్న వాక్యం చదివి, "పెద్దాయనా, మీకు ఒక కాయితం ఇచ్చినట్టు ఉంది ఇందులో," అన్నాడు.

"నా దగ్గర ఏ కాయితం లేదయ్యా."

గట్టు మీద క్యారేజీ పట్టుకుని కూర్చున్న ఆయన భార్య, "గొలుసాయన ఇచ్చిన కాయితమేగా? పెట్టెలో దస్తావేజుల కింద ఉందిగా, మొన్న నువ్వేగా దాన్ని తీసి చదివింది," అంది.

"ఏమే, నోరు ముయ్యి!"

"మూస్తే అన్నం ఎట్టా తినేది? పొద్దెక్కింది, రాండి," అందామె.

చిన్న తమ్ముడు కోటయ్య ఫక్కున నవ్వాడు. పాతికేళ్లుగా అన్నకు భయపడినవాడు ఒకసారి నవ్వాక ఇక ఆగలేదు. నవ్వు మధ్యలోనే, "వాగు చెక్క నాదే సర్‌, రాసుకోండి," అన్నాడు. సర్వేయరు రాసుకున్నాడు. బావి చెక్క కోటేశ్వరమ్మ పేరున ఎక్కింది.

ఆ సాయంత్రమే మేడంకు చెప్పడానికి వెళ్లాను. సంతోషిస్తుందనుకున్నాను. అంతా విని, "మంచిది," అంది. బల్ల మీద వేళ్లు కాసేపు ఆడాయి. "పేర్లు రాని చెక్కలు ఎన్ని మిగిలినయ్?"

చెప్పాను. తొంభై తొమ్మిదిలో నూట నలభై రెండు, రెండువేలలో నూట ఇరవై ఆరు, సగం వచ్చినదానిలో అరవై ఒకటి. అవి పోగా తొమ్మిది వందల ఎనభై తొమ్మిది.

"వాళ్లలో నీ దగ్గరికి ఎవరు, ఎప్పుడు పరిగెత్తుకొస్తారో తెలుసా?"

"తెలియదు."

"మరి నీకు అన్నం ఎట్టా సయిస్తంది?" కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది. "నీ తప్పు సగం. నాది సగం. అంకెలే అన్నావని నమ్మా, ఎక్కం ఒక్కటే పంపి చూశా." ఆ రోజునుంచి ఆవిడ పరీక్షకు పంపే ఫైలులో ఎక్కం కింద అచ్చులూ హల్లులూ కూడా చేర్చింది.

అప్పుడు మొదలైంది. కొలతల జాబితా పట్టుకుని ఆదివారాలు ఊళ్లు తిరుగుతున్నాను. ఏ ఊరిదో కొలతను బట్టి, వాగును బట్టి, రాళ్ల లెక్కను బట్టి పోల్చుకోవాలి. పొలంలో నిలబడి, ఈ ముప్పావు ఎకరం ఎవరికొచ్చింది, దీని పక్కది ఎవరు తీసుకున్నారు అని అడగాలి. కొందరు చెబుతారు. కొందరు నాకేదో స్వార్థముందని అనుమానిస్తారు. నకరికల్లులో ఒకాయన కుక్కను వదిలాడు. తెచ్చిన పేర్లను మేడం దగ్గరికి తీసుకెళ్తే, కూర్చోకుండా నిలబడే ఎక్కించేది. ఆ పేరు చెప్పింది ఎవరు, వాళ్లకెలా తెలుసు అని అడిగేది. ఒక్కరే చెబితే ఒప్పుకునేది కాదు, ఇద్దరు చెప్పాలి. రెండేళ్లలో మూడు వందల డెబ్భై ఏడు ఎక్కించాం. చివరిసారి వెళ్లినప్పుడు మెట్లెక్కలేక కింద ఎరువుల కొట్టులో స్టూలు వేసుకుని కూర్చుని ఉంది. తర్వాత మాచర్లలో ఎవరో బంధువుల ఇంటికి వెళ్లిందని చెప్పారు. ఆరు నెలలయింది. ఈ ఆరు నెలల్లో పేర్లు తేవడం నేనే తగ్గించాను. ఎవరూ అడగడం లేదు కదా అనుకున్నాను.

బస్సులో ఆ వార్త విన్న మూడోరోజు క్రోసూరు పక్కనుంచి ఒకతను వచ్చాడు. వాళ్ల నాన్న, బాబాయి పంచుకున్న పొలమట, ఇద్దరూ ఇప్పుడు లేరట, పిల్లల మధ్య గొడవట. "డెబ్భై రెండు సెంట్లన్నా, మధ్యలో వేపచెట్టు. నీ కంప్యూటర్లో ఉంటదని మా నాన్న చెప్పేవాడు."

తెరిచి చూశాను. తొంభై ఆరులో ఉంది. డెబ్భై రెండు సెంట్లు, వేపచెట్టు, నాలుగు రాళ్లు, రాయికీ రాయికీ మధ్య కొలత, అంతా ఉంది. దాని పక్కన రెండు కొక్కేలు, ఒక కామా.

"ఉందా అన్నా?" అన్నాడు, నా భుజం మీదుగా తొంగిచూస్తూ.

"కొలత ఉంది నాయనా," అన్నాను. "మీ ఊళ్లో అప్పుడు గట్టు మీద నిలబడినవాళ్లు ఎవరన్నా బతికున్నారా? నాకు ఇద్దరు కావాలి."

అతను ఆలోచించాడు. ఒక్క ముసలాయన ఉన్నాడన్నాడు. చూపు లేదట. ఈ ఆదివారం పొద్దున మొదటి బస్సుకు వెళ్తున్నాను. రెండోవాళ్లు ఎవరో ఇంకా తెలియదు.